టెక్నికల్ ఫౌలును గూర్చి

గడచిన సంవత్సరము మన పాఠశాల పెద్ద బాలుర బాస్కెట్‌బాల్ జట్టు, పాఠశాలల మధ్య జరిగిన పోటీలలో కడపటి ఆటను ఒక్క పాయింటు తేడాతో పోగొట్టుకొన్న సంగతి చదువరులలో పెక్కుమంది యెఱిగినదే. ఆ యోటమిని గూర్చిన వాదములు హాస్టలు వరండాలో నేటికిని చల్లారలేదు. ఆట ముగియుటకు రెండు నిమిషములుండగా మన ఆటగాడొకడు, తోటివాని మీద విధింపబడిన ఫౌలు అన్యాయమని తలంచి, బంతిని నేలకు బలముగ గొట్టి, రిఫరీ వైపు తిరిగి వెక్కిరింపుగా చప్పట్లు చఱచెను. రిఫరీ ఈల వేసి, ఒక అరచేతి క్రింద రెండవ చేతి వ్రేళ్లు నిలిపి టెక్నికల్ ఫౌలు గుర్తు చూపెను. ఎదుటి జట్టువారికి ఒక ఫ్రీ త్రో దొరికెను. అది బుట్టలో పడెను. అంతటితో పోలేదు. మన బాలునికి అంతకుముందే నాలుగు ఫౌళ్లుండుటచే ఇది అయిదవదై, అతడు ఆటనుండి తొలగి బెంచీమీద కూర్చుండవలసివచ్చెను. అతడు మంచి ఆటగాడు, మంచి బాలుడును. అందుచేతనే అతని పేరిచట వ్రాయుట మానితిమి.

ఆ మఱునాడే పదవ తరగతి బాలురు కొందఱు మా యొద్దకు వచ్చిరి. "మాస్టరుగారూ, అమెరికాలో ఎన్.బి.ఏ. ఆటగాండ్రు రిఫరీ ముఖముమీదనే కేకలు వేయుదురు. వారికి టెక్నికల్ ఫౌలు పడినను అది పర్సనల్ ఫౌళ్ల లెక్కలో చేరదు. మనవాడు అక్కడ ఆడియుండినయెడల కడవఱకు కోర్టులోనే యుండును గదా! ఆట యొక్కటియై యుండగా శిక్ష రెండు విధములుగా నుండుట న్యాయమా?" అని యడిగిరి. ఒక విద్యార్థి తండ్రిగారు ఇదే ప్రశ్నను ఇంకను గట్టి మాటలతో ఉత్తరముగా వ్రాసి, పోటీ జరిపినవారికి పాఠశాల పక్షమున ఫిర్యాదు పంపవలెనని కోరిరి.

ఈ ప్రశ్నను పిల్లల మాటయని త్రోసివేయుట మాకిష్టము లేదు. అబ్బాయిలు చెప్పిన సంగతి నిజము. దానినుండి వారు తీసిన సిద్ధాంతము మాత్రము సరికాదని మా యభిప్రాయము. ఆ తేడా యేలాటిదో, ఏల వచ్చినదో విచారించినచో, మన బాలునికి జరిగినది కఠినశిక్ష కాదనియు, ఈ యాట యాడు పాఠశాలల బాలురలో అతనికి దొరికినది మెత్తని శిక్షయే యనియు తేలగలదు.

మొదట ఆ పేరును గూర్చి యొక మాట. టెక్నికల్ అనగానే మనవారు అదేదో సాంకేతికమైన చిన్న పొరపాటని భావింతురు. ఆటగాడు ఎదుటివానిని నెట్టిన, పట్టిన, కొట్టిన అది పర్సనల్ ఫౌలు. ఎవరిని తాకకయే నోటితోనో, చేతి సైగతోనో, నడవడితోనో చేయు తప్పు సామాన్యముగా టెక్నికల్ ఫౌలు. అనగా పేరు సాంకేతికమైనను విషయము మర్యాదకు సంబంధించినది. ఈ పేరు పెట్టినవారు మన ఉపాధ్యాయుల పని కొంత కష్టము చేసిరని మాకు తోచును.

ఈ యాట పుట్టినది మనవంటి మిషను సంస్థకు దగ్గఱి చుట్టమైన చోటనే. 1891 డిసెంబరులో అమెరికా దేశపు మాసచూసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు నగరమందలి వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో, దైవశాస్త్రము చదివిన జేమ్సు నైస్మిత్తు అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. చలికాలమున ఆరుబయట ఆడ వీలులేక విసిగియున్న యువకులకు, గదిలో ఒకరినొకరు కొట్టుకొనకుండ ఆడుకొనదగిన ఆట కావలసియుండెను. ఆయన వ్రాసిన నియమములు 13 మాత్రమే. అవి 1892 జనవరిలో అచ్చుపడినవి. వానిలో టెక్నికల్ ఫౌలు అను మాట లేదు. ఫ్రీ త్రో యును లేదు. కాని మనము తలంచదగిన విషయములు రెండు కలవు. మొదటిది, ఆయన ఇద్దఱు తీర్పరులను ఏర్పఱచి, వారి పనులను విడదీసెను. రిఫరీ బంతికి తీర్పరి. అంపైరు మనుష్యులకు తీర్పరి. రెండవది, ఆటగాడు రెండవసారి మోటుతనము చూపినయెడల, తరువాతి గోలు పడువఱకు అతడు బయట నిలువవలెను. గాయపఱచు నుద్దేశ్యము స్పష్టముగా నున్నచో ఆట ముగియువఱకు బయటనే, వానికి బదులు మఱియొకని దింపుటకును వీలులేదు. నైస్మిత్తుగారు మనుష్యులకు వేఱుగా తీర్పరి కావలెనని తలంచుట ఊరక కాదు. బంతి తప్పు చేయదు గదా.

మన దేశమున ఈ యాటను పాఠశాలలలో నాటినవారును వై.ఎం.సి.ఏ. వారే. హ్యారీ క్రో బక్కు దొరగారు 1920లో మద్రాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల అందఱెఱిగినదే. మన జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివే. కాబట్టి ఈ చర్చ పరాయి దేశపు వినోదమును గూర్చినది కాదు. మన పెరటిలోని కోర్టును గూర్చినదే.

ఇక తేడాల సంగతి. జీతమునకు ఆడు ఎన్.బి.ఏ. యందు, రిఫరీతో దురుసుగా ప్రవర్తించి టెక్నికల్ ఫౌలు తెచ్చుకొన్నవాని యెదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో లభించును. పిమ్మట ఆట ఆగినచోటినుండియే సాగును. మన అబ్బాయిలు చెప్పినట్లు అది ఆ ఆటగాని ఆఱు పర్సనల్ ఫౌళ్ల లెక్కలో చేరదు. ఇట్టివి ఒకే ఆటలో రెండు పడినయెడల అతనిని పంపివేయుదురు. ఇంతవఱకు మనవారు టెలివిజనులోను ఫోనులోను చూచినదే. చూడనిది ఆట ముగిసిన తరువాత జరుగును. ఒక ఋతువులో మొదటి అయిదు టెక్నికల్ ఫౌళ్లకు ఒక్కొక్కదానికి 2,000 డాలర్లు జుల్మానా. ఆఱునుండి పదివఱకు 3,000, పదునొకండునుండి పదునైదువఱకు 4,000. పదునాఱవదానికి 5,000 డాలర్లతోపాటు ఒక ఆటకు నిషేధము. అటుపిమ్మట ప్రతి రెండింటికి మఱియొక ఆట నిషేధము. ఈ హద్దు లేని కాలమున, 2000-01 ఋతువులో, రషీదు వాలెసు అను ఆటగాడు ఒక్కడే 41 టెక్నికల్ ఫౌళ్లు సంపాదించెను. ఆ లెక్క నేటికిని ఎవరును దాటలేదు. దాటవలెనని యెవరును కోరరాదు కూడ.

మఱియు ఎన్.బి.ఏ. వారు టెక్నికల్ ఫౌలు అను పేరు క్రింద నానావిధములైన సరకు నింపిరి. కాపాడు జట్టువాడు ఎవరిని కాయకయే బుట్ట ముందటి గీతల నడుమ మూడు సెకండ్లకు మించి నిలిచిన అదియు టెక్నికల్ ఫౌలే. ఒక ఫ్రీ త్రో. అందులో అవమానమేమియు లేదు, పంపివేయుట లెక్కలోను చేరదు. 2023-24 ఋతువునుండి, తాకకున్నను తాకినట్లు నటించి పడిపోవువానికిని ఇట్టిదే విధించుచున్నారు. కనుక ఎన్.బి.ఏ. ఆటలో ఆ గుర్తు కనబడినప్పుడెల్ల నడవడి తప్పు జరిగినదని తలంచరాదు. మన అబ్బాయిలు ఈ రెండింటిని కలిపి, అచట ఆ ఫౌలు లెక్కలేనిదను అభిప్రాయమునకు వచ్చిరని మా యనుమానము.

అమెరికా కళాశాలల బాలుర ఆటలో తరగతులు రెండు. నడవడి తప్పులు ఎ తరగతి. వానికి రెండు ఫ్రీ త్రోలు, ఆటగాని ఫౌళ్ల లెక్కలోను చేరును. రింగు పట్టుకొని వ్రేలాడుట, ఆటను జాగు చేయుట వంటివి బి తరగతి. ఒకటే ఫ్రీ త్రో. ఈ విభాగము మాకు నచ్చినది. బుద్ధిపూర్వకమైన అమర్యాదను, చిల్లర తప్పును ఒకే తక్కెడలో తూచుట మంచిది కాదు. అట్లు తూచిన దానికి ఉదాహరణము 1993 ఏప్రిలులో జరిగిన కళాశాలల కడపటి ఆట. మిషిగన్ జట్టు నార్త్ కరోలినాకు 73-71గా వెనుకబడి, 11 సెకండ్లు మిగిలియుండగా, క్రిస్ వెబ్బరు అను యువకుడు విరామము కోరెను. వారి విరామములన్నియు అప్పటికే ముగిసినవి. లేని విరామమును కోరుట నాటి నియమము ప్రకారము టెక్నికల్ ఫౌలు. రెండు ఫ్రీ త్రోలును బంతియు ఎదుటి జట్టునకు పోయెను. 77-71తో ఆట ముగిసెను. ఆ యువకుడు ఎవరిని తిట్టలేదు, ఎవరిని వెక్కిరింపలేదు. లెక్క మఱచెను, అంతే. మన దేశమున అనుసరించు ఫీబా నియమములలో విరామము కోరు అధికారము ఆటగానికి లేదు. కోచ్ గాని, మొదటి సహాయ కోచ్ గాని స్కోరరు బల్లవద్ద కోరవలెను. పందొమ్మిది, ఇరువది యేండ్ల బాలునికి ఆ భారము లేకుండ చేసిన నియమమే మేలని మా తలంపు.

ఇపుడు అసలు పోలిక చూడవలసినది. మన అబ్బాయిలు తమను ఎన్.బి.ఏ. వారితో పోల్చుకొనిరి. వారి యీడువారు అమెరికాలో లేకపోలేదు. అచటి ఉన్నత పాఠశాలల సంఘముల జాతీయ సమాఖ్య నియమములు వారికి వేఱుగా కలవు. ఆ నియమముల ప్రకారము టెక్నికల్ ఫౌలుకు శిక్ష యేమి? రెండు ఫ్రీ త్రోలు. తరువాత బంతియు ఎదుటి జట్టుకే, కోర్టు నడిమి గీతవద్దనుండి. ఆటగాని అయిదు ఫౌళ్ల లెక్కలో అది చేరును, జట్టు ఫౌళ్లలోను చేరును. రెండు పడిన పంపివేయుదురు. పంపివేయబడిన విద్యార్థిని పెక్కు రాష్ట్రముల సంఘములు తరువాతి ఆటలోను ఆడనీయవు. అనగా మన బాలుడు చేసినదే అచటి హైస్కూలు కోర్టులో చేసియుండినయెడల, అయిదవ ఫౌలుతో బెంచీమీద కూర్చుండుట మాత్రము తప్పదు. దానికి తోడు ఎదుటివారికి ఒకటికి బదులు రెండు ఫ్రీ త్రోలు, బంతియు దక్కియుండును.

ఫీబా యనునది 1932లో జెనీవా నగరమున ఏర్పడిన అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘము. మన దేశపు పోటీలు, పాఠశాల పోటీలు సహితము, దాని నియమములనే యనుసరించును. బాలికలకును ఇవే నియమములు. ఆ పుస్తకము శిక్షలో ఎన్.బి.ఏ. మార్గమును, లెక్కలో హైస్కూలు మార్గమును పట్టినట్లున్నది. ఒకటే ఫ్రీ త్రో. బంతి ఎవరి వశమున నుండెనో వారికే తిరిగి వచ్చును. కాని ఆటగానిపై పడిన టెక్నికల్ ఫౌలు అతని అయిదింటిలో ఒకటి యగును. రెండు టెక్నికల్ ఫౌళ్లయినను, ఒక టెక్నికల్ ఫౌలును ఒక అమర్యాద ఫౌలును కలిసినను అతడు బయటికి పోవలెను. ఒకప్పుడు ఫీబా యందును రెండు ఫ్రీ త్రోలును బంతియు ఇచ్చెడివారు. 2014లో ఒక ఫ్రీ త్రోకు తగ్గించిరి, ఆ మీదట బంతిని కూడ మానిరి.

శిక్ష యింత వేఱుగా నుండుటకు కారణమేమి? లెక్క వేసి చూతము. ఎన్.బి.ఏ. ఆట 48 నిమిషములు. ఒక్కొక్క జట్టు నూఱు పాయింట్లకు మించి సాధించుట నిత్యకృత్యము. ఒక ఫ్రీ త్రో అందులో నూటికి ఒక పాలు కూడ కాదు. కాని ఆటగాని జీతమునుండి సొమ్ము పోవును, పదునాఱవదానితో పని కూడ ఒకనాటికి పోవును. అమెరికా హైస్కూలు ఆట 32 నిమిషములు. అచట పాయింట్లు తక్కువ. రెండు ఫ్రీ త్రోలును, బంతియు, దానితో వచ్చు గోలును కలిపినచో నాలుగైదు పాయింట్లవఱకు పోవచ్చును; ఒక్క అవివేకపు మాటకు ఆటయే తలక్రిందులగును. పదునాఱేండ్ల విద్యార్థికి జుల్మానా విధించుటకు జీతము లేదు. అతని యొద్ద నున్నది ఆ యాటయు, ఆ యాటలో తన చోటును మాత్రమే. కనుక ఆ నియమము వ్రాసినవారు అతనికి నిజముగా ప్రియమైన దానిమీదనే చేయి వేసిరి. ఇది క్రూరమని కొందఱు అనవచ్చును. మాకట్లు తోచదు. పెద్దవాని తప్పును సొమ్ముతో సరిపెట్టవచ్చును గాని, పిల్లవాని తప్పు జరిగినచోటనే, జరిగిన నిమిషముననే వానికి తెలియవలెను. నెల దినముల తరువాత వచ్చు ఉత్తరము వానికి పాఠము కాదు.

ఇంతవఱకు మేము అబ్బాయిలకు ఎదురు చెప్పితిమి. వారి పక్షమున చెప్పదగినది ఒకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. అధికారము గలవాడును మనుష్యుడే. 2007 ఏప్రిలు 15వ తేదీన డాలసు నగరమున జరిగిన ఎన్.బి.ఏ. ఆటలో, సాన్ ఆంటోనియో జట్టు ఆటగాడగు టిమ్ డంకన్ బెంచీమీద కూర్చుండి నవ్వుచుండెను. శాంతస్వభావుడని పేరు పొందినవాడు. జోయీ క్రాఫర్డు అను రిఫరీ, మూడు దశాబ్దముల యనుభవము గలవాడు, ఆ నవ్వు తన్నుద్దేశించినదని యెంచి రెండవ టెక్నికల్ ఫౌలు విధించి అతనిని పంపివేసెను. రెండు దినములకే ఆ లీగు కమీషనరు డేవిడ్ స్టర్ను ఆ రిఫరీని ఆ ఋతువులోని మిగిలిన ఆటలనుండి తొలగించెను. డంకనుకును 25,000 డాలర్ల జుల్మానా తప్పలేదు. క్రాఫర్డు మఱు ఋతువున తిరిగి వచ్చి, పెక్కేండ్లు ఈల పట్టెను.

ఆ లీగులో పడిన టెక్నికల్ ఫౌళ్లను కార్యాలయమువారు మరల పరిశీలించి, తప్పని తోచినవానిని రద్దు చేయుదురు. పాయింటు తిరిగి రాదు గాని, మచ్చ తొలగును. మన పాఠశాలల పోటీలలో ఇట్టి పరిశీలన యెక్కడ? తప్పో ఒప్పో, ఈల మ్రోగినది మ్రోగినదే. ఎన్.బి.ఏ. నియమమును అడుగుటకు బదులు, ఈ పరిశీలనను అడిగియుండినచో మన విద్యార్థుల పక్షము బలముగా నుండెడిది.

హెచ్చరిక సంగతియు నిట్టిదే. ఉద్దేశ్యము లేక జరిగి, ఆటకు భంగము కలిగింపని చిన్న తప్పులను హెచ్చరికతోనో, చూచియు చూడనట్లుండియో సరిపెట్టుటకు ఫీబా నియమము రిఫరీకి అనుమతి యిచ్చుచున్నది. హెచ్చరించిన తరువాత మరల చేసినచో సైపరాదు. ఆనాటి ఆటలో రిఫరీ అంతకుముందు హెచ్చరించెనని కొందఱును, లేదని కొందఱును చెప్పుచున్నారు. మేము కోర్టుకు ఆవలి వైపున నుంటిమి, వినలేదు. కాని వెక్కిరింపు చప్పట్లు ఉద్దేశ్యము లేని తప్పు కానేరదు. హెచ్చరిక దానికి వర్తింపదు.

కోచ్‌ల విషయమై ఒక్క మాట. బెంచీమీద కూర్చున్నవారు చేసిన తప్పు ఫీబా యందు కోచ్ పేరనే వ్రాయబడును. తన స్వంత నడవడికి రెండు పడినను, బెంచీ తప్పులతో కలిసి మూడయినను అతడు ఆటస్థలము విడువవలెను. అమెరికా హైస్కూళ్లలో బెంచీకి గాని కోచ్‌కు గాని ఒక టెక్నికల్ ఫౌలు పడిన యెడల, కోచ్ అటుపై నిలుచుండి జట్టును నడపు హక్కు పోగొట్టుకొని, కూర్చుండియే యుండవలెను. శిష్యుల తప్పునకు గురువును కూర్చుండబెట్టుట మాకు మిక్కిలి యింపుగా నున్నది, మేమును ఉపాధ్యాయులమే యైనను.

తలిదండ్రులు కూడ ఈ పుటలు చదువుదురు గనుక దాచక చెప్పుదుము. ఆ హైస్కూలు నియమములలో, ఒక జట్టు పక్షమువారైన ప్రేక్షకులు ఆట జరుగుటకు అడ్డు తగిలినచో ఆ జట్టుమీదనే ఫౌలు విధించు అధికారము రిఫరీకి కలదు; దానిని మిక్కిలి వివేకముతో వాడవలెనని కూడ చెప్పబడినది. గడచిన సంవత్సరపు ఆటలో, మన బాలుడు బంతిని నేలకు కొట్టుటకు ముందు, గీత కావల నిలిచిన పెద్దలు కొందఱు రిఫరీని ఏమేమి యనిరో వినినవారు చాలమంది కలరు. మేమును వింటిమి. ఆ బాలుడును వినెను. అతడు చేసినది తనంతట తాను కనిపెట్టినది కాదు. ఫిర్యాదు పంపవలెనని కోరిన తండ్రిగారికి మా ప్రత్యుత్తరము ఇదియే: పంపము, ఏలయన నియమము సరిగనే అమలు జరిగినది. మఱియు, ఫిర్యాదు వ్రాయవలసివచ్చినచో అందులో మన పక్షపు కేకలను గూర్చియు వ్రాయవలసివచ్చును.

ఇక మా సూచన. పాఠశాలల మధ్య పోటీలలో ఫీబా నియమమును మార్చుట మన వశము కాదు, మార్చవలసిన పనియు లేదు. కాని తరగతుల మధ్య ఆటలు మనవి. వానిలో టెక్నికల్ ఫౌలు పడిన విద్యార్థిని, ఫీబా శిక్షకు తోడు, నైస్మిత్తుగారి పాత పద్ధతిని తరువాతి గోలు పడువఱకు బయట నిలుపవలెనని మేము కోరుచున్నాము. గోలు ఏ జట్టు వేసినను సరియే. ఆ కొద్ది సేపు అతని జట్టు నలుగురితో ఆడవలెను. కోపము చల్లారుటకు సామాన్యముగా అంత సేపు చాలును. తోటివారు తనకొఱకు రొప్పుచు పరుగెత్తుటను అతడు గీత కావలనుండి కన్నులార చూచును.

దీనికి మా వ్యాయామోపాధ్యాయులవారు ఒక ఆక్షేపణ తెలిపిరి. ఇంట ఒక నియమము, బయట ఒక నియమము నేర్పినచో పిల్లలు తికమకపడుదురని వారి భయము. అనుభవజ్ఞుల మాట; తేలికగా తీసివేయరాదు. కాని ఇంట నేర్చునది బయటిదానికంటె కఠినమైనచో, బయట పోవు నష్టము లేదని మా ప్రత్యుత్తరము. ఇంకొక చిక్కును వారే చూపిరి, దానికి మా యొద్ద జవాబు లేకపోయెను: చిన్న తరగతుల ఆటలో పది నిమిషములకును ఒక గోలు పడదు, అట్టిచోట బాలుడు సగము ఆట బయటనే నిలువవలసివచ్చును. కనుక ఆఱు, ఏడు తరగతులకు గోలుకు బదులు రెండు నిమిషముల కాలమని సవరించితిమి. గడియారము చూచు పని స్కోరరుది.

పరిశీలన విషయమునను ఒక ఏర్పాటు కోరితిమి. తరగతుల ఆటలో టెక్నికల్ ఫౌలు పడినప్పుడు, ఈల వేసినవారు ఎందుకు వేసిరో రెండు పంక్తులలో స్కోరు పుస్తకమున వ్రాయవలెను. ఆ వారములోనే ఆటల సంఘము దానిని చదివి, తగినది కాదని తోచినచో కొట్టివేసి, ఆ సంగతి ఉదయపు ప్రార్థనానంతరము అందఱియెదుట తెలుపవలెను. ఈల పట్టినది ఉపాధ్యాయుడైనను సరియే.

ఈ రెండు సూచనలు జూనులో పాఠశాల తెఱచిన పిమ్మట ఆటల సంఘము ముందునకు వచ్చును. తరగతి నాయకులకు ఓటు కలదు. గడచిన సంవత్సరము మా యొద్దకు వచ్చి ప్రశ్నించిన బాలురలో ఇద్దఱు ఈ యేడు ఆ సంఘమున సభ్యులు; వారిలో ఒకడు మొదటి సూచనకు వ్యతిరేకముగా మాటలాడుదునని మాకు ముందుగనే తెలియజేసినాడు. రెండవదానిని మాత్రము తానే ప్రతిపాదించునట.